వంగే బద్ద, మడిచే ఫోను

గత ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే నా మడతఫోను తెరిచాను. కుడివైపు సగం నల్లగా ఉంది. ఎడమ సగంలో రాత్రి చదువుతూ ఆపేసిన పాత పుస్తకం పేజీ, మడత దగ్గర వాక్యాలన్నీ తెగిపోయి, అలాగే వెలుగుతోంది. మూసి మళ్ళీ తెరిచాను. ఆపి ఆన్ చేశాను. ఏ మార్పూ లేదు. కొని 14 నెలలైంది. వారంటీ అయిపోయి రెండు నెలలు. ఈఎంఐలు ఇంకా నాలుగున్నాయి.

సర్వీస్ సెంటర్‌లో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. లోపలి తెర మొత్తం మార్చాలన్నాడు, 42 వేలవుతుందన్నాడు. ఆ తర్వాత అడిగాడు: "మేడమ్, ఫోను బీచ్‌కి తీసుకెళ్తుంటారా?"

నేనుండేది విశాఖలో, పెదవాల్తేరులో. మా కిటికీ గ్రిల్లులకి ఏటా రంగు వెయ్యకపోతే తుప్పు పెచ్చులుగా రాలుతుంది. ఈ ఊళ్ళో మనం బీచ్‌కి వెళ్ళకపోయినా ఉప్పుగాలి మనింటికి వస్తుంది. ఆ మాటే చెప్పాను. అతను కంప్యూటర్‌లో ఏదో గడిలో టిక్కు పెట్టుకున్నాడు. జగదాంబ దగ్గర నాకు తెలిసిన రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆయన చేత్తో కూడా ముట్టుకోలేదు. "మామూలు ఫోనైతే కాంబో వేసేస్తానమ్మా, దీనికి చెయ్యి పెట్టలేను" అన్నాడు. కంపెనీ పేరు రాయను. నా బాధ ఒక కంపెనీతో కాదు.

ఇంటికి తెచ్చి బల్ల మీద పడేస్తే నాన్న తీసుకున్నారు. కళ్ళజోడు సర్దుకుని, ఆ చచ్చిన ఫోనుని అయిదారుసార్లు మెల్లగా తెరిచి మూశారు. బొటనవేలు మడతబందు మీద పెట్టి, సగం దాకా తెరిచి ఆపి, ఇంకొంచెం తెరిచి ఆపి చూశారు.

"మధ్యలో ఎక్కడైనా ఏటైనా చెప్తాదా అమ్మా ఇది?"

నాకు మొదట అర్థం కాలేదు. ఏం చెప్పాలి నాన్నా అన్నాను. "అదే, వంచుతున్నాం కదా. ఎంత వంచామో దానికి తెలుస్తాదా? మనకేమైనా జవాబిస్తాదా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. అప్పట్నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

నాన్న 1948లో పుట్టారు. మన విశాఖ షిప్‌యార్డ్‌లో తయారైన 'జల ఉష' ఓడ నెహ్రూ గారి చేతుల మీదుగా నీళ్ళలోకి దిగింది కూడా ఆ ఏడాదే, మార్చి 14న. ఆ షిప్‌యార్డ్‌లోనే నాన్న డ్రాఫ్ట్స్‌మన్‌గా 36 ఏళ్ళు చేశారు. కంప్యూటర్లు వచ్చేదాకా ఓడ ఒంపులన్నీ చేత్తోనే గీసేవాళ్ళు. ఓడలో తిన్నని గీత తక్కువ. ముక్కు దగ్గరి ఒంపు వేరు, పొట్ట దగ్గరిది వేరు, వెనక చక్రం తిరిగే చోట ఇంకోటి. వృత్తలేఖినితో గీసే వంపులు కావవి. అందుకని ఒక సాధనం ఉండేది. పొడుగ్గా, సన్నగా, వంగే గుణం ఉన్న చెక్క బద్ద. ఇంగ్లీషులో దాన్ని స్ప్లైన్ అంటారు, నాన్న వాళ్ళు వంపుబద్ద అనేవారు. కాగితం మీద గుర్తుపెట్టిన చుక్కలన్నిటి మీదుగా ఆ బద్దని వంచి, కదలకుండా సీసం బరువులతో అక్కడక్కడా నొక్కిపెట్టి, దాని అంచు వెంట పెన్సిల్ నడిపేవాళ్ళు. ఆ బరువులకి బాతు ముక్కులాంటి కొక్కెం ఉండేది, అందుకే వాటికి డక్స్ అని పేరు.

నా చిన్నప్పుడు ఆదివారాలు ఇంటికి డ్రాయింగ్ చుట్టలు చంకలో పెట్టుకుని వచ్చేవారు. నేల మీద పరిచి, మూలలకి ఇత్తడి గ్లాసులు పెట్టేవారు. పక్కన కూర్చుని చూసేదాన్ని. నాకు గుర్తున్నది గీత కాదు, గీతకి ముందు ఆయన చేసే పని. బద్దని వంచి, ఒక బరువు తీసి, చెయ్యి వదిలేసేవారు. బద్ద కొంచెం కదిలి, తనకి నచ్చిన చోట ఆగేది. "చూశావా, ఈ చుక్క తప్పు. బద్దకి ఇష్టం లేదు" అనేవారు. చుక్కని సరిచేసేవారు.

దాని వెనకున్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఇంజినీరింగ్‌లో తెలిసింది. వంచిన బద్ద తనలో అతి తక్కువ శక్తి దాచుకునే ఆకారంలోకి జారుతుంది. ఎక్కడో ఒకచోట అనవసరంగా బిగిస్తే ఎదురు తిరుగుతుంది, ఆ ఎదురు వేళ్ళకి తెలుస్తుంది. అంటే లెక్క వేసేది బద్ద, ఫలితం చదివేది చెయ్యి. 1946లో ఐజాక్ షోన్‌బర్గ్ అనే గణితవేత్త ఈ బద్ద పేరే తీసుకుని స్ప్లైన్ అనే గణితం రాశాడు. 1959లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో ద కాస్టెల్జో, తర్వాత రెనోలో పియర్ బెజియే, కారు ఒంపుల్ని కంప్యూటర్‌కి చెప్పే పద్ధతులు కనిపెట్టారు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు అక్షరాల గుండ్రటి అంచులన్నీ ఆ రకం వంపులే. 'అ'లో సున్నా, 'ళ' తోక, తలకట్టు, అన్నీ.

కంప్యూటర్‌కి వంపు నేర్పింది ఓడల వాళ్ళ, కార్ల వాళ్ళ వంగే బద్దలు. కంప్యూటర్ వంపుని తీసుకుంది. ఎదురుని వదిలేసింది. 1990లలో నాన్న సెక్షన్‌కి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆయన నేర్చుకున్నారు, బాగానే చేశారు. ఒక్క మాట మాత్రం ఇప్పటికీ అంటారు: "మౌసుతో ఎంత చెడ్డ ఒంపైనా ఒకేలా గీయొచ్చు. చేతికి తెలీదు." మౌసు ఎటు లాగినా బరువు ఒకటే. టచ్ స్క్రీన్ వచ్చాక అదీ పోయింది. గాజు మీద వేలు ఎక్కడ పెట్టినా గాజే. ఫోను వైబ్రేట్ అవుతుంది కదా అంటారేమో. మెసేజ్ వచ్చినా, తప్పు నొక్కినా, డబ్బులు పోయినా అదే గుర్రు. దాన్ని జవాబనలేం.

అందుకే వంగే తెరలొస్తున్నాయని విన్నప్పుడు నేను నిజంగా సంబరపడ్డాను. వంగే వస్తువు చేతిలోకి వస్తోందంటే, పోయిన ఎదురు మళ్ళీ వస్తుందనుకున్నాను.

వచ్చినదేమిటో చూద్దాం. ఒక పలకని వంచితే బయటి పక్క సాగుతుంది, లోపలి పక్క నొక్కుకుంటుంది. ఎంత సాగుతుందన్నది సులువైన లెక్క. మందాన్ని, వంపు వ్యాసార్థానికి రెట్టింపుతో భాగిస్తే చాలు. మామూలు ఫోను గాజు అరమిల్లీమీటరు ఉందనుకోండి. దాన్ని ఒకటిన్నర మిల్లీమీటర్ల వ్యాసార్థంలో మడిస్తే పై పొర సుమారు 17 శాతం సాగాలి. గాజు అంత సాగదు, పగిలిపోతుంది. అదే గాజుని 30 మైక్రాన్లకి పల్చన చేస్తే సాగాల్సింది ఒక్క శాతం. 30 మైక్రాన్లంటే మన వెంట్రుక కన్నా సన్నం. 2020 ఫిబ్రవరిలో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌లో ఉన్నది అలాంటి గాజే. అంతకు ముందు ఏడాది వచ్చిన మొదటి ఫోల్డ్‌కి గాజు లేదు, పైన ప్లాస్టిక్ పొరే. దాన్ని స్క్రీన్ గార్డ్ అనుకుని కొందరు రివ్యూ రాసేవాళ్ళు పీకేశారు, తెరలు చచ్చిపోయాయి, 2019 ఏప్రిల్‌లో రావాల్సిన ఫోను సెప్టెంబరు దాకా ఆగింది.

ఆ పొర కింద వెలుగునిచ్చేది ఓఎల్‌ఈడీ. 1987లో కొడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చూపించిన పద్ధతి. వెనక లైటు అక్కర్లేదు, పదార్థమే వెలుగుతుంది, అందుకే పల్చగా ప్లాస్టిక్ మీద పరవొచ్చు. కానీ దానికి గాలిలోని ఆక్సిజన్ పడదు, తేమ అసలే పడదు. కంటికి కనపడని పొరల్ని ఒకదాని మీద ఒకటి కప్పి కాపాడాలి. ఆ కప్పులో వెంట్రుకంత పగులొస్తే చాలు. ఇక మడతబందులో ఇసుక దూరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఐపీ అని రాసే అంకెల్లో మొదటిది దుమ్ముకి, రెండోది నీటికి. 2021లో వచ్చిన జెడ్ ఫోల్డ్ 3కి మొదటి అంకె ఉండాల్సిన చోట ఎక్స్ ఉంది. 2024 మోడల్‌కి 4 వచ్చింది. అంటే మిల్లీమీటరు కన్నా పెద్ద రేణువులే ఆగుతాయి. మన ఆర్‌కే బీచ్ ఇసుక రేణువు అంతకన్నా చిన్నది. పూర్తిగా 68 రాసుకున్న మడతఫోను 2025లో గాని రాలేదు, గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్. ఆ నీటి పరీక్షలు కూడా మంచినీళ్ళతో చేసేవి. ఉప్పునీళ్ళ సంగతి వాటిలో లేదు.

ఇదంతా అద్భుతమైన ఇంజినీరింగే. చేసినవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. కానీ నాన్న ప్రశ్నకి జవాబు మాత్రం ఇందులో లేదు. బ్యాటరీ వంగదు, లోపలి బోర్డు వంగదు. కాబట్టి మనం కొన్నది రెండు గట్టి పలకలు, వాటి మధ్య ఒక బందు. సగం తెరిచి నిలబెడితే కొన్ని యాప్‌లు రెండు ముక్కలవుతాయి. వీడియో పైన, బటన్లు కింద. అంతకు మించి వంపుతో పని లేదు. ఒంపు జరుగుతున్నంతసేపూ ఫోను మాట్లాడదు. జేబులో పట్టడానికి వంగుతుందే గాని, మన మాట వినడానికి వంగదు.

ఇది ఇలాగే జరగాలని ఏమీ లేదు. 2004లో సోనీ పరిశోధకులు, కార్స్టెన్ ష్వేసిగ్, ఇవాన్ పౌపిరేవ్ బృందం, గుమ్మీ అనే నమూనా చేశారు. అప్పటికి సరైన వంగే తెరలు లేవు. వంగే అట్టకి మామూలు చిన్న తెర బిగించి, అట్టని రెండు చేతులా పట్టుకుని పైకో కిందకో వంచితే తెర మీది బొమ్మ మారేలా చేశారు. ఎంత వంచితే అంత. 2011లో కెనడాలో క్వీన్స్ యూనివర్సిటీ వాళ్ళు, రోయెల్ వెర్టెగాల్ నాయకత్వంలో, పేపర్‌ఫోన్ చూపించారు. కాగితంలాంటి ఈ-ఇంక్ తెర, వెనక వంపు సెన్సర్లు. మూల వంచితే పేజీ తిరుగుతుంది. అదే ఏడాది నోకియా కూడా మెలిపెట్టి, వంచితే పనిచేసే ఒక నమూనా తెచ్చింది.

నాన్నకి బాగా నచ్చేది మాత్రం ఇంకా ముందుది. 1999లో టొరంటోలో డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు, రవిన్ బాలకృష్ణన్, జార్జ్ ఫిట్జ్‌మారిస్ వగైరా, షేప్‌టేప్ అనే రబ్బరు పట్టీని కంప్యూటర్‌కి తగిలించారు. లోపల ఫైబర్ ఆప్టిక్ తీగలు. పట్టీని రెండు చేతుల్తో వంచి మెలిపెడితే తెర మీద వంపు అచ్చం అలాగే కదిలేది. పాతకాలపు బద్దనే కంప్యూటర్‌కి చెవిగా పెట్టారన్నమాట. ఈ సంగతి చెప్తే నాన్న కాసేపు ఏమీ అనలేదు. "మరి ఇది అమ్మకానికి రాలేదా?" అని అడిగారు.

మామూలు జనం చేతుల్లోకైతే రాలేదు. మార్కెట్ ఆ పరిశోధనల్లోంచి వంగే తెరని తీసుకుంది, వంచడం అనే భాషని అక్కడే వదిలేసింది. కారణం ఊహించలేనిది కాదు. పెద్ద తెరని ప్రకటనలో ఒక్క బొమ్మతో చూపించొచ్చు. చేతికి తెలిసే ఎదురుని ఏ హోర్డింగ్ మీద చూపిస్తారు?

రుషికొండ కొండ మీద పనిచేసే ఒక స్నేహితుడితో దీని మీద గట్టిగానే వాదన అయింది. అతను చెప్పేది ఏమిటంటే, ఏ వస్తువైనా మొదట ఖరీదే. 2019లో మొదటి ఫోల్డ్ మన దగ్గర 1,64,999 రూపాయలు. తర్వాత అందులో సగం కన్నా తక్కువకి కూడా మడతఫోన్లు వచ్చాయి. రేపు ఇంకా తగ్గుతాయి, గట్టిపడతాయి. పైగా జేబులో పట్టే పెద్ద తెర చిన్న లాభమా అంటాడు. కాదు, చిన్నది కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. నేను కొన్నదే అందుకు. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు మామూలు ఫోన్లో చదవాలంటే వాక్యం వాక్యానికీ పేజీని అటూ ఇటూ లాగాలి. మడతఫోన్లో పేజీ పేజీగా కనపడింది. ఆ 14 నెలల్లో చదివినంత నేను అంతకు ముందు అయిదేళ్ళలో చదవలేదు.

అతని రెండో మాటతోనే నాకు పేచీ. "అసలు చేతులెందుకు? ఇక అంతా మాటే. ఏఐ వింటుంది, చేసి పెడుతుంది" అంటాడు. 2025 అక్టోబరులో గూగుల్ మన ఊళ్ళో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ హబ్ కడతామని ప్రకటించినప్పట్నుంచి ఈ మాట ఊళ్ళో ప్రతి కాఫీ హోటల్లోనూ వినపడుతోంది. మంచిదే, రావాలి. కానీ నేను ఆ స్నేహితుణ్ణి ఫిషింగ్ హార్బర్‌కి రమ్మన్నాను.

ప్రతి రెండో ఆదివారం హార్బర్‌లో నేను చేపలు తెచ్చుకునేది ఒకావిడ దగ్గరే. పొద్దున్న అయిదింటికే వచ్చి కూర్చుంటుంది. కత్తిపీట మీద వంజరం ముక్కలు కొడుతుంటే చేతులు మోచేతుల దాకా తడి, ఐసు నీళ్ళు, పొలుసు. పక్కన క్యూఆర్ అట్ట, సౌండ్ బాక్స్. నేను డబ్బులు పంపగానే అది తెలుగులో ఎన్ని రూపాయలు వచ్చాయో పైకి చదువుతుంది. ఆవిడ తల కూడా ఎత్తదు, చెవితో విని కవరు అందిస్తుంది. గత పదేళ్ళలో మన దేశంలో మనిషికీ యంత్రానికీ మధ్య జరిగిన గొప్ప పని ఏదంటే నేను ఆ పెట్టెనే చూపిస్తాను. ఆమె చేతుల్ని ఆమె పనికి వదిలేసి, తెర దగ్గరికి రమ్మనకుండా, అది తన పని చేసింది.

కానీ డబ్బు రావడం సగం కథే. ఐసు వాడికి, బోటు వాళ్ళకి తిరిగి పంపాలి. అప్పుడు ఫోను కావాలి. టచ్ స్క్రీన్ పనిచేసేది మన వేలికున్న విద్యుత్ గుణంతో. వేలు ఆనగానే గాజు కింద ఉన్న చిన్న విద్యుత్ క్షేత్రం మారుతుంది, ఫోను ఆ మార్పుని పసిగడుతుంది. నీటిచుక్క కూడా అదే మార్పు చేస్తుంది. ఉప్పునీరైతే మరీను. తడి చేత్తో 5 నొక్కితే 8 పడుతుంది, ఒక్కోసారి ఏదీ పడదు. ఆవిడ ఫోను ప్లాస్టిక్ కవర్లో ఉంచుతుంది, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంటుంది, అయినా పని జరగదు. ఒకరోజు నా చేతికి ఇచ్చి, "తల్లీ, ఐసు బాబుకి ఆరొందలు కొట్టీ" అంది. పిన్ అడిగితే పైకి చెప్పేసింది. నాలుగంకెలు, నలుగురు వింటుండగా.

నాకు ఒళ్ళు జలదరించింది. ఆవిడకి ప్రమాదం తెలీక కాదు. "ఏటి సేత్తాను మరి" అంది. చేతులు తుడుచుకుంటూ కూర్చుంటే బేరం పోతుంది.

నా స్నేహితుడికి ఇదే చెప్పాను. పిన్ నెంబరు మాటతో చెప్పమంటావా, ఆ గుంపులో? పైగా ఆవిడ మాట అర్థం కావాలి కదా. నా ఫోన్లో వాయిస్ టైపింగ్‌తో "ఐసోడికి డబ్బులెట్టీ" అని చూశాను. మూడుసార్లు మూడు రకాలుగా రాసింది, ఒక్కటీ సరైనది కాదు. మన ఉత్తరాంధ్ర మాట దానికి ఇంకా రాదు. రేపు వస్తుందనుకుందాం. వచ్చినా రహస్యంగా చెప్పాల్సినది రహస్యంగా చెప్పడానికి చెయ్యి కావాలి.

ఇక్కడే వంపు పనికొస్తుంది. వంపు సెన్సరుకి వేలు తడిగా ఉందా, పొడిగా ఉందా, గ్లవ్స్ ఉన్నాయా అన్నది పట్టదు. అది కొలిచేది వస్తువు ఎంత వంగిందో, అంతే. ప్లాస్టిక్ పట్టీ మీద కార్బన్ సిరా పూత ఉంటుంది. వంచినప్పుడు ఆ పూతలో రేణువులు దూరమై, కరెంటుకి నిరోధం పెరుగుతుంది. కొత్త విద్యేమీ కాదు. 1989లో పిల్లల వీడియో గేముల కోసం వచ్చిన పవర్ గ్లోవ్‌లో వేళ్ళ వంపు కనిపెట్టింది ఇలాంటి పట్టీలే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ఎవరో ఒకరు సైగభాషని మాటగా మార్చే గ్లవ్ ప్రాజెక్టు చేస్తారు, అందులోనూ ఇవే. (ఆ ప్రాజెక్టుల మీద బధిరుల అభ్యంతరం న్యాయమైనది. సైగభాష ఒక్క వేళ్ళలో లేదు, ముఖంలో, కనుబొమ్మల్లో, భుజాల్లో కూడా ఉంది.) నడుముకి కట్టుకునే పట్టీయో, బుట్ట అంచుకి చుట్టిన రబ్బరు ముక్కో, తడి చేత్తో ఇటు రెండుసార్లు, అటు ఒకసారి వంచితే పిన్‌గా పనిచేసేలా ఎవరైనా చేస్తే, ఆవిడ పిన్ ఆవిడ చేతిలోనే ఉంటుంది. బ్యాంకులు, భద్రత, నియమాలు, దారిలో సవాలక్ష అడ్డంకులున్నాయని తెలుసు. అయినా తెరని మూడు మడతలు పెట్టడానికి పడ్డ శ్రమలో ఎన్నో వంతు దీనికి సరిపోతుందో ఆలోచించండి.

మెత్తని యంత్రాలు నిజంగా చెయ్యాల్సిన పని చేస్తున్న చోటు ఒకటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. నర్సుగా చేసే నా స్నేహితురాలు ఆ వార్డు సంగతి చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది. ఆ పిల్లల చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. గుండె, ఊపిరి చూడటానికి అంటించిన ప్లాస్టర్ తీస్తే చర్మం ఊడొస్తుంది. వైర్ల వల్ల తల్లి గుండెకి హత్తుకోవడమూ కష్టమే. జాన్ రోజర్స్ అనే శాస్త్రవేత్త బృందం 2011లో చర్మంలాగే సాగి ముడుచుకునే ఎలక్ట్రానిక్ పొరని చూపించింది. 2019లో ఆ దారిలోనే, వైర్లు లేకుండా పసిపిల్లల ఛాతీ మీద ఒకటి, పాదానికి ఒకటి పెట్టే మెత్తటి సెన్సర్లని తెచ్చింది. టోక్యోలో తకావో సొమేయా 2013లోనే ఒక మైక్రాను మందం ప్లాస్టిక్ మీద సర్క్యూట్లు చేశాడు. ఒంటి మీదున్నట్టే తెలీనంత తేలిక. మన దేశంలో కూడా ఐఐటీ కాన్పూర్‌లో వంగే ఎలక్ట్రానిక్స్‌కి ఒక జాతీయ కేంద్రం ఉంది. ఈ పనుల్లో యంత్రం మనిషి ఒంటికి తగ్గట్టు మారుతోంది. నాకు కావాల్సిన భవిష్యత్తు ఈ వైపున్నది.

ఇది రాసే అర్హత నాకెంతుందని మీరు అడగొచ్చు. పరిశోధకురాల్ని కాను. అందుకే ఇంట్లో ఒకటి చేసి చూశాం.

నాన్న చేతులు ఈమధ్య కొంచెం వణుకుతున్నాయి. ఫోన్లో రేడియో వింటారు. వాల్యూమ్ తగ్గిద్దామని వేలు పెడితే వేలు రెండు క్షణాలు ఎక్కువ నిలుస్తుంది, ఏదో మెనూ వస్తుంది, అది మూయబోతే రేడియో ఆగిపోతుంది. విసుక్కుని ఫోను పక్కన పెట్టేస్తారు. ఓడ ఒంపులు గీసిన చెయ్యి ఒక చిన్న గాజుముక్క దగ్గర ఓడిపోవడం నేను చూడలేకపోయాను. దసరా సెలవుల్లో మా అక్క కొడుకు వచ్చాడు, ఈసీఈ మూడో సంవత్సరం. వాడితో చెప్తే కాలేజీ ల్యాబులోంచి ఒక ఫ్లెక్స్ సెన్సరు, అంటే ఇందాక చెప్పిన వంపు పట్టీ, చిన్న బోర్డు తెచ్చాడు. గుడ్డ సంచీలో కుట్టి నాన్న పడకకుర్చీ చేతికి కట్టాం. పైకి వంచితే సౌండు పెరగాలి, కిందకి నొక్కితే తగ్గాలి.

మొదటి రోజు బాగా చేసింది. వారం తిరిగేసరికి దానంతటదే సౌండు పెరగడం మొదలైంది. చాలాసేపు వంచి ఉంచితే ఆ పట్టీ రీడింగు మెల్లగా జారుతుంది, పైగా మా ఇంటి తేమ. వాడు రెండు రాత్రులు కూర్చుని ప్రోగ్రాం మార్చాడు. ఎంత వంగి ఉందన్నది వదిలేసి, ఎంత త్వరగా వంగిందన్నదే చూసేలా చేశాడు. జారుడు మెల్లగా వస్తుంది, చెయ్యి చప్పున కదులుతుంది, కాబట్టి రెండూ కలిసిపోవు. ఆ చిక్కు అలా తీరింది.

అయినా నాన్నకి నచ్చలేదు. "వంగుతోంది గాని ఎదురు రావట్లేదురా. మామిడి తాండ్రలాగుంది" అన్నారు. లేచి వెళ్ళి అటక మీంచి ఒక పొడుగాటి గుడ్డ చుట్ట దింపించారు. విప్పితే బద్ద. రిటైరైన రోజు సెక్షన్ వాళ్ళు ఆయనకిచ్చినది. ఇరవై ఏళ్ళు కావస్తున్నా వంకర పోలేదు. చివర పట్టుకుని ఒకసారి వంచి వదిలారు. బద్ద మెల్లగా తిరిగొచ్చి తిన్నగా నిలబడింది. సెన్సరుని దానికి అంటించమన్నారు.

మనవడు టేపుతో అంటించి, బద్ద ఒక చివర కుర్చీ చేతికి బిగించాడు. నాన్న బొటనవేలితో వంచారు. ప్రాంతీయ వార్తలు వస్తున్నాయి, గొంతు పెరిగింది. ఇంకొంచెం వంచారు, ఇంకొంచెం పెరిగింది. వేలు వణుకుతూనే ఉంది, కానీ ఆ వణుకు బద్దలోకి వెళ్ళి ఆగిపోతోంది, సౌండులోకి రావట్లేదు. అయిదు నిమిషాలు పెంచుతూ తగ్గిస్తూ కూర్చున్నారు. వార్తలు ఏమి చెప్పారో మాలో ఎవరికీ తెలీదు.

తర్వాత బద్ద మీద వేలితో మెల్లగా రాసి, టేపు అంటించిన చోట ఆగి, మనవణ్ణి పిలిచారు.

"ఇది అర అంగుళం అటు జరిపి కట్టరా. ఇక్కడ ఒంపు సరిగ్గా రావట్లేదు."